నాలుగో సైజు ఎడమకాలు

నేను ఒక ఎడమకాలి బూటును. నా సైజు నాలుగు. చీమకుర్తి దగ్గరి ఒక రాతి పాలిష్ ఫ్యాక్టరీలో, అటువంటి సైజు లోకంలోనే లేదని ఎనిమిది నెలలు వాదించారు గనుక, ముందే చెబుతున్నాను.

నా ఒళ్ళు గేదె తోలు. సున్నపు నీటిలో నాని, వెంట్రుక రాలి, లవణాలలో పదునెక్కి, అచ్చుమీద బిగిసి ఈ రూపం పొందాను. తోలుకూ అస్తరుకూ నడుమ, వేళ్ళమీదుగా ఒక ఉక్కు టోపీ దాచారు. మమ్మల్ని బయటికి పంపేముందు నా తోబుట్టువుల్లో ఒకదాన్ని ఎంచి, ఇరవై కిలోల ఇనుప దిమ్మెను మీటరు ఎత్తునుంచి వదిలారు. ఉక్కు వంగింది, వేళ్ళకు బదులుగా లోపల పెట్టిన మట్టి ముద్ద చితకలేదు. మా పూర్వీకులు కొయ్య జోళ్ళు. ఎన్ని వేల పాదాలు నలిగాక మనిషికి ఈ ఉక్కు ఊహ తట్టిందో!

అంకమ్మ నన్ను తొడుక్కున్న నాడు నిర్ఘాంతపోయాను. చిటికెన వేలి ఎముక చిక్కుడు గింజంత. ఇంత పెళుసైన వాటిమీద నిలబడి ఆమె రోజంతా రాళ్ళెత్తేది.

అక్కడ రాళ్ళెత్తే స్త్రీలు ఎనిమిదిమంది. మగవాళ్ళకు ఏటా బూట్లు, వీళ్ళకు రబ్బరు చెప్పులు. "ఆడాళ్ళ సైజు రాదమ్మే" అనేవాడు మేస్త్రి పేరయ్య. అంకమ్మ అడిగి అడిగి ఒక్క జత తెప్పించింది. మిగతా ఏడుగురికీ దక్కింది "చూద్దాం" అన్న మాట.

ఆయుధ పూజ వచ్చింది. ఆనాడు మొదటి రాయికి తడి పసుపు పూసి, ఇద్దరు ఆడవాళ్ళు వట్టి కాళ్ళతో దాన్ని ఎత్తి యంత్రంమీద పెట్టాలి. అప్పటిదాకా ఏ యంత్రమూ తిరగదు. తడి పసుపు జారుతుందన్న ఆలోచన ఇన్నేళ్ళలో ఏ మగవాడికీ రాలేదు. ఎత్తేది వాళ్ళు కాదు మరి.

అంకమ్మ మమ్మల్ని విప్పలేదు.

"ఏందమ్మే, తోలు చెప్పులతో అమ్మోరి కాడికొస్తన్నావా? కళ్ళు నెత్తికెక్కినయ్యా?" అన్నాడు పేరయ్య.

"డప్పుది తోలు కాదా మేస్త్రీ? అది మోగకుండా ఏ అమ్మోరు కదిలింది?" అంది అంకమ్మ. "పానాకి బొట్టు పెట్టావు, సుత్తికి పెట్టావు. ఇయ్యీ పనిముట్లే." వంగి నా ముక్కుమీద కుంకుమ పెట్టింది.

అవతలి కొస తోటి కూలీ రత్తమ్మ పట్టింది, వట్టి కాళ్ళతో. రాయి నడుము దాకా లేచింది. అంకమ్మ చేతిలోని అంచు పసుపులో జారింది.

ఆ బరువంతా నామీద పడింది. తోలు చిట్లింది. ఉక్కు కుంగి, కుంగి, బొటనవేలికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. నాలో ఉన్నదేమిటో నాకు ఆ క్షణమే తెలిసింది.

అంకమ్మ నన్ను విప్పి చూసుకుంది. ఏడుగురు స్త్రీలూ ఆమె వేళ్ళను ఒక్కొక్కటిగా తడిమి చూశారు. అయిదూ ఉన్నాయి.

"అమ్మోరే కాపాడింది," అని పేరయ్య చెంపలు వేసుకున్నాడు. "కానీండి, ముహూర్తం దాటిపోతంది. ఎత్తండి."

రత్తమ్మ తన వట్టి పాదాలకేసి చూసుకుని, రాయిదగ్గరనుంచి వెనక్కి జరిగింది. ఒకరి తరువాత ఒకరు అందరూ జరిగారు.

"బూట్లు రానియ్యి మేస్త్రీ," అంది అంకమ్మ నన్ను పూజపీటమీద, పానా పక్కన నిలబెడుతూ. "రాయి యాడికి పోద్ది?"

మూడు రోజులు ఏ యంత్రమూ తిరగలేదు. నాలుగోనాటి పొద్దున ఒక పెట్టె దిగింది. అందులో ఎనిమిది జతలు. నాలుగు, అయిదు సైజులు. లోకంలో లేనివి మూడు రోజుల్లో ఎక్కడ పుట్టాయో నేను అడగలేదు.

ఒకసారి దెబ్బ తిన్న ఉక్కును మళ్ళీ నమ్మకూడదు. అది మా జాతి నియమం. అందుకే నేనిక నడవను, పీటమీదే ఉంటాను. ఏటా నాకు బొట్టు పెడుతున్నది పేరయ్యే. సొట్టమీద కుంకుమ నిలవదు, జారిపోతుంది. అతడు ఓపికగా మళ్ళీ పెడతాడు. నా లోపలికి మాత్రం ఎవరూ తొంగిచూడరు. అక్కడ, అరిగిన అట్టమీద, అయిదు వేళ్ళ అచ్చు చెక్కుచెదరకుండా ఉంది.