నీళ్లొంపే మనిషి

ఏడో తరగతిలో ఆ పిల్లను అందరూ ఎందుకమ్మ అనే పిలుస్తారు. గంట మోగితే ఎందుకు, మోగకపోతే ఎందుకు అని అడిగే రకం. ఆరోజు సైన్సు టీచరు బల్ల ముందు నిలబడి, పది రోజుల్లో మొక్కలు నాటే కార్యక్రమం ఉందనీ, బడి ముందు రోడ్డు పొడుగునా నలభై మొక్కలు నాటి వీధికి సేవ చేస్తామనీ చెప్పడం ముగించిందో లేదో, ఎందుకమ్మ చెయ్యెత్తింది.

"పోయినేడాది అన్నయ్యవాళ్లు నాటిన నలభై ఎక్కడున్నాయి టీచర్?"

 ఏటా నాటడం, ఫోటో దిగడం, చేతులు దులుపుకోవడం మామూలే. మూడు నెలలకు పైఆఫీసు నుంచి ఒక ఫారం వస్తుంది, ఎన్ని మొక్కలు బతికాయని. మూడేళ్లుగా టీచరు గుమ్మం దాటకుండానే నలభై అని రాసి సంతకం పెట్టేస్తోంది. మరుసటి ఏడు నాటబోతే పాత గుంతలే సిద్ధంగా కనిపించేవి. తవ్వే చాకిరీ తప్పిందని సంతోషించిందే గానీ, ఆ గుంతలు ఖాళీగా ఎందుకున్నాయో ఒక్కనాడూ ఆలోచించలేదు. పైగా ఈ ఏడు ప్రధానోపాధ్యాయుల ప్రమోషన్ జాబితాలో ఆమె పేరుంది. ఇరవై రెండేళ్ల సర్వీసుకు అదొక్కటే ఆమె ఆశ.

కూర్చో అంటే సరిపోయేది. కానీ ముప్ఫై రెండు జతల కళ్లు ఆమె మొహం మీదే ఉన్నాయి.

"నాకు తెలీదు. రేపు వెళ్లి చూద్దాం," అంది.

మర్నాడు నోటుబుక్కులు పట్టుకుని అందరూ రోడ్డెక్కారు. ఒక గుంతలో ఎండుపుల్ల, ఒక గుంతలో పగిలిన చెప్పు, ఒకదాంట్లో ఎవరో స్కూటరు చక్రం దించి భేషుగ్గా నిలబెట్టుకున్నారు. వీధి చివరికి వెళ్లేసరికి లెక్క తేలింది. మూడేళ్లలో నాటిన నూట ఇరవైలో బతికినవి నాలుగు. టీచరుకు తల కొట్టేసినట్టయింది. పిల్లలకు మాత్రం ఆ నాలుగూ ఎలా బతికాయన్నదే పట్టుకుంది. మట్టి మంచిదన్నారు కొందరు, నీడ ఉందన్నారు కొందరు. తేలక, సాయంత్రం దాకా ఒక్కో చెట్టు దగ్గర ఎనిమిదిమంది చొప్పున కాపలా కూర్చున్నారు.

ఎందుకమ్మ బృందానికి పంక్చర్ షాపు ముందరి చెట్టు వచ్చింది. టీచరు వాళ్లతోనే ఉంది. కొట్టు కట్టే వేళకు పంక్చర్ తాత, రోజంతా ట్యూబులు ముంచి బుడగలు చూసుకున్న తొట్టిని ఈడ్చుకొచ్చి చెట్టు మొదట్లో ఒంపేశాడు. మొక్కంటే అంత ప్రేమా తాతా అని టీచరు అడిగింది.

"ప్రేమా పాడా తల్లీ. కాలవ దాకా మొయ్యలేక ఇక్కడ ఒంపుతా. చెట్టును పెంచుతున్నానని అబద్ధం ఎందుకు చెప్పాలి?"

ఆ మాట ఆమెకు చురుక్కున తగిలింది. 

మిగతా మూడు చెట్ల కథా అదే. టీ కొట్టువాడు గ్లాసులు కడిగిన నీళ్లు, కూరలమ్మే ఆమె బుట్టల మీద చల్లగా మిగిలిన నీళ్లు, ఒక ఇంటి ముందు కారే కుళాయి. అయితే నీళ్లొంపే మనిషి ఉన్నచోటే నాటుదామని పిల్లలు తీర్మానించేశారు. వారం రోజులు ఇల్లిల్లూ తిరిగి, మీ నీళ్లు ఎక్కడ పారబోస్తారని ఆరా తీశారు. కొందరు మొహం మీదే తలుపేశారు. మంగలి షాపాయన ముందుకొస్తే, మీవి సబ్బు నీళ్లు, పనికిరావని పిల్లలే వద్దన్నారు. ఆయన రెండు రోజులు అలిగాడు. చివరికి మాటిచ్చి ఎందుకమ్మ నోటుబుక్కులో సంతకం పెట్టినవాళ్లు పదకొండు మంది. పదకొండోవాడు బడి పెద్దసారే. గదిలో చెయ్యి కడుక్కున్న నీళ్లు గేటు పక్క మొక్కకు పోయిస్తానని నవ్వుతూ సంతకం గీకేశాడు.

కార్యక్రమం నాడు నలభై మొక్కలతో వ్యాను వచ్చింది. రోడ్డు మీద కొత్తగా తవ్విన గుంతలు పదకొండే. పెద్దసారు కంగారుగా పరుగెత్తుకొచ్చాడు. మిగతావి పాత గుంతల్లో గుచ్చేసి ఫోటో కానిమ్మన్నాడు.

టీచరు ఒక కాగితం ఆయన చేతికిచ్చింది. మూడేళ్ల ఫారాలూ తప్పనీ, బతికినవి నాలుగేననీ తన చేత్తోనే రాసింది.

"ఇది పైకి వెళ్తే మెమో వస్తుందమ్మా. ప్రమోషన్ సంగతి ఇక మర్చిపోవాల్సిందే."

"తెలుసు సార్. ఈ పిల్లల ముందు మళ్లీ అబద్ధం రాయలేను. పంపించండి."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆరోజు పదకొండే నాటారు. మిగిలిన ఇరవై తొమ్మిదీ, మనుషులు దొరికేదాకా, బడి కుళాయి దగ్గర సంచుల్లోనే ఉండిపోయాయి.

మెమో వచ్చింది. ప్రమోషన్ మరొకరికి వెళ్లింది. టీచరు ఇంటికెళ్లి తలుపేసుకుని ఏడ్చింది. తెల్లారి మామూలుగానే బడికొచ్చి, పిల్లలతో పదకొండు మొక్కలూ చూసొచ్చింది. ఆ తర్వాత ఒక్క వారమూ మానలేదు.

మూడు నెలలకు ఫారం వచ్చింది. పిల్లలు పరుగెత్తి లెక్కపెట్టి వచ్చారు గానీ, అంకె చెప్పడానికి నువ్వంటే నువ్వని ఒకరినొకరు తోసుకున్నారు. టీచరు కలం పట్టుకుని ఎదురుచూస్తుండగా పెద్దసారే తరగతిలోకి వచ్చాడు.

"పది అని రాయండమ్మా. గేటు దగ్గరిది ఎండిపోయింది. అది నాదే."

టీచరు పది అని రాసింది. ఆయన దాని కింద సంతకం చేసి, కుళాయి దగ్గరున్న వాటిలోంచి తనకింకొకటి ఇమ్మన్నాడు. ఎందుకమ్మ లేచి నిలబడింది.

"దీనికి నీళ్లెవరు పోస్తారు సార్?"

"నేనే. స్వయంగా."

ఎందుకమ్మ నోటుబుక్కు తెరిచి, పాత సంతకం కొట్టేసి, దాని కింద మళ్లీ సంతకం పెట్టమంది.