వేస్ట్‌గేట్‌కి కట్టిన నిమ్మకాయ

ఆ ఏడు కెనడా కేంబ్రిడ్జ్‌లో ఏ గ్యారేజీకి వెళ్ళినా, మన విద్యార్థి ఒకడు అప్పటికే రెజ్యూమే ఇచ్చిపోయి ఉండేవాడు. నలభై మూడు చోట్ల కాదనిపించుకున్న లోహిత్‌ని, నలభై నాలుగో చోట గ్యారేజీ యజమాని వీర్రాజు రమ్మన్నాడు. ఒక్కరోజు పని చూస్తాడట. నచ్చితే కో-ఆప్, అంటే చదువులో భాగమైన ఉద్యోగపు కాగితం మీద సంతకం పెడతాడు, లేదంటే సెమిస్టర్ గంగలో కలిసినట్టే. కాలేజీ గడువు ఆ సాయంత్రమే మరి!

పొద్దున్నే దగ్గర్లోని మిల్టన్ నుంచి మహీధర్, భార్య రత్నకుమారితో కారులో దిగాడు. సాఫ్ట్‌వేర్ మనిషి, వీడియోలు చూసి సగం మెకానిక్ అయ్యాడు.

"హైవే మీద బండి ఒక్కసారి ఎగిరి, వెంటనే చచ్చిపోతోందండీ. టర్బోలో ఇంటర్నల్ వేస్ట్‌గేట్ పోయింది. ఎక్స్‌టర్నల్ తెచ్చుకున్నా, బిగించేయండి."

"అడిగింది చెయ్, నోరు మెదపకు," అన్నాడు వీర్రాజు లోహిత్‌తో.

లోహిత్ నోరు ఊరుకుంటేనా!

"అంకుల్, రేసులకు పోతరా?"

"లేదు, రైల్వే స్టేషన్‌కి."

"మరి ఎక్స్‌టర్నల్ ఎందుకు? ఇంజన్‌లోకి గాలి తోసే టర్బోని తిప్పే పొగ ఎక్కువైతే పక్కకు వదిలేదే వేస్ట్‌గేట్. మీ బండిలో అది టర్బోలోనే చిన్న తలుపు, బయటి కడ్డీ దాన్ని తెరుస్తది. రోజూ తిరిగే బండికి చాలు. ఎక్స్‌టర్నల్ అంటే విడిగా వాల్వు, దానికో గొట్టం. పెద్ద టర్బోలకు, రేసు బండ్లకు అది. పొగ బయటికే వదిలితే వీధంతా మోత!"

వీర్రాజు ముఖం కందగడ్డయింది. "నిన్ను పాఠం చెప్పమన్నానా?"

ఉద్యోగం ఎలాగూ పోయిందిలే అని లోహిత్ బానెట్ కింద తల దూర్చాడు. కడ్డీని పట్టకారుతో లాగాడు. వెంట్రుకవాసి కదల్లేదు. టార్చి వేసి చూస్తే ఏముంది, కడ్డీనీ పక్క బ్రాకెట్‌నీ కలిపి బిగించిన ఇనుప తీగ! దానికి మాడిన నిమ్మకాయ, నాలుగు మిరపకాయలు!

రత్నకుమారి నాలుక కరుచుకుంది. "కొత్త బండికి దిష్టి తగలకూడదని నేనే కట్టానండీ. బయట కడితే పక్కింటివాళ్ళు ఏంటని అడుగుతారని లోపల... ఆ కడ్డీ అనువుగా కనిపించింది."

"ఎప్పుడు కట్టావ్?" అన్నాడు మహీధర్.

"కిందటి మంగళవారం."

"బండి మొరాయించడం మొదలైందీ అప్పుడే కదే!"

"కడ్డీ కదలక తలుపు తెరుచుకోలే. పొగంతా టర్బోకే పోయి బండి ఎగిరింది, ఇంజన్ పాడవకుండ కంప్యూటర్ బలం తగ్గించింది," అంటూ లోహిత్ తీగ తెంచాడు. వీర్రాజు స్వయంగా హైవే ఎక్కించి తెచ్చాడు. బండి ఎక్కడా చావలేదు. దిగుతూనే కాగితం లాక్కుని సంతకం గీకేశాడు.

"నోరు మెదపకన్నాను కదరా? రేపట్నుంచి మెదుపు. కాకపోతే ముందు బానెట్‌లోకి చూసి మెదుపు!"

లోహిత్‌కి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మహీధర్ తను తెచ్చిన ఎక్స్‌టర్నల్ వేస్ట్‌గేట్ డబ్బా డిక్కీలో పెట్టుకున్నాడు.

"చూశారా, నా నిమ్మకాయ ఊరికే పోలేదు, అబ్బాయికి ఉద్యోగం ఇప్పించింది!" అంది రత్నకుమారి.

"ఈసారి కట్టేముందు నాకు ఫోన్ చేయండి ఆంటీ," అంటూ లోహిత్ కాగితం పట్టుకుని బస్‌స్టాప్ వైపు పరుగెత్తాడు.