నలభై ఒకటో ప్రయత్నం

స్టవ్ మీద పాలు పొంగేలోపు పాతిక అడ్రసులు చూసెయ్యొచ్చని ఆమె అంచనా. ఒక చెయ్యి గరిటె మీద, ఇంకో చెయ్యి గట్టు మీద తెరిచి పెట్టిన లాప్‌టాప్ మీద. నాలుగేళ్లుగా ప్రతి పొద్దుటా ఇదే తంతు. "తెల్లారి లేచి మనుషుల మొహాలు చూడాలి గానీ, ఆ అంకెల మొహం చూస్తావేంటమ్మా?" అని అత్తగారు దెప్పుతూనే ఉంటుంది. మనుషుల మొహాలు చూసి తను బాగుపడిందేముందని అడగాలనిపిస్తుంది ఆమెకి. అడగదు. పాలు దించి, అత్తగారి గ్లాసులో పోసి, చల్లార్చి, పక్కన మాత్రలు పెట్టి, మళ్లీ అంకెల దగ్గరికి వస్తుంది.

ఆమె పనిచేసేది ఆసుపత్రుల రిపోర్టులు భద్రంగా దాచే కంపెనీలో. ఎవరి ఎక్స్‌రే, ఎవరి రక్తపరీక్ష, ఎవరికి ఏ జబ్బు, అన్నీ ఆ సర్వర్లలోనే ఉంటాయి. వాటి తలుపులు తట్టే దొంగలకి కొదవేముంది! ఇంటర్నెట్‌లో ప్రతి ఇంటికీ, ప్రతి ఆఫీసుకీ ఒక అంకెల అడ్రసు ఉంటుంది. ఏ అడ్రసు నుంచి ఎవరు పదేపదే పాస్‌వర్డులు ఊహించి కొడుతున్నారో ఏరడం, ఆ అడ్రసు ఏ ఇంటర్నెట్ కంపెనీదో వెతికి పట్టుకోవడం, వాళ్లకి ఫిర్యాదు రాయడం, లోకంలో మిగతా కాపలావాళ్లంతా చూసుకునే ఉమ్మడి జాబితాలో దాన్ని చేర్చడం, ఇదీ ఆమె పని. ఫిర్యాదులో తిట్లు ఉండకూడదు, ఏడుపు ఉండకూడదు. ఎన్ని గంటలకి, ఎన్నిసార్లు, ఏమేం కొట్టారు, అంతే. పద్నాలుగేళ్లు కాపరం చేసినదానికి అలా రాయడం పెద్ద కష్టమేమీ కాదు.

ఈ పొద్దుటి గంట జీతంలోకి రాదు. "ఇది ఊడ్చి తుడిచే పనిలాంటిదమ్మా, మీ ఆడవాళ్లకైతే ఓపిక ఎక్కువ" అని మేనేజరు నవ్వుతూ అంటగట్టాడు. కిందటేడు పెద్ద దాడి ఒకటి వస్తుంటే ఆమే ముందు పసిగట్టి ఆపింది. ఆయన మీటింగులో లేచి, "మా కుర్రాళ్లు ఇరగదీశారు" అన్నాడు. కుర్రాళ్లు చప్పట్లు అందుకున్నారు. ఆమెని కేకు కోసి పెట్టమన్నారు. కోసింది, ఏం చేస్తుంది!

ఉచ్చు పెట్టాలన్న ఆలోచన కూడా ఆమెదే. పైకి అచ్చం ఎవరిదో డైరీలా కనబడే పేజీ ఒకటి తయారుచేసి, దానికి "నా సొంతం" అని పేరు పెట్టి, పాస్‌వర్డు అడిగే గడి ఒకటి పెట్టింది. దాని వెనక ఏమీ లేదు. ఏం కొట్టినా తెరుచుకోదు. కొట్టిన ప్రతి మాటనీ టైముతో సహా రాసుకుంటుందంతే. గంటలో ఇరవైసార్లు తప్పు కొడితే, ఆ అడ్రసుకి అసలు సర్వర్ల తలుపులన్నీ వాటంతటవే మూసుకుపోతాయి. ఉచ్చు మాత్రం పనిచేస్తూనే ఉంటుంది, దొంగ ఇంకా ఏమేం కొడతాడో చూడ్డానికి. ఇలాంటివి పెట్టే వాళ్లెవరైనా ముందు సొంతింటి అడ్రసుని మినహాయించుకుంటారు. ఆమెకి ఆ జాగ్రత్త తోచలేదు. తన ఇంట్లోంచి ఎవరు కొడతారులే అనుకుంది.

ఆ సోమవారం పొద్దున పాలు పొంగి స్టవ్ అంతా పాడైంది. సర్వర్ ఆమెని లోపలికి రానివ్వలేదు మరి. మూడుసార్లు ప్రయత్నించి, ఆఫీసుకి ఫోన్ చేసింది. నెట్‌వర్క్ విభాగంలోని పెద్దావిడ ఎత్తింది. ఇంకో రెండేళ్లలో రిటైరయ్యే మనిషి. ఆ అంతస్తులో ఏ పనీ లేకుండా ఊరికే ఆమెని పలకరించేది ఆవిడొక్కతే.

"చూశానే తల్లీ, చూశాను. నీ ఇంటిని నువ్వే వెలేసుకున్నావు!" అని పకపకా నవ్విందావిడ. "నిన్న మధ్యాహ్నం మీ ఇంటి అడ్రసు నుంచి నీ ఉచ్చు మీద నలభై ఒక్కసార్లు కొట్టారు. నువ్వు రాసిన రూలే నిన్ను పట్టుకుంది."

"మా ఇంట్లోంచా? దేనికో వైరస్ పట్టుంటుందండీ."

"అంతే అయ్యుంటుంది. ఇంట్లో ఫోన్లూ, నెట్ డబ్బాలూ అన్నీ ఓసారి చూసుకో. ఈలోపు అడ్డు తీసెయ్యనా?"

"ఉండండి. చూసి చెప్తాను."

టీవీ వెనక నెట్ డబ్బా చూసింది. తన ఫోన్ చూసింది. అత్తగారి గదిలోకి వెళ్లి, నిన్న మధ్యాహ్నం దీంట్లోంచి ఏమైనా కొట్టారా అని ఫోన్ అడిగితే, ఆవిడ దాన్ని దిండు కింద దోపుకుంది. "నా ఫోన్‌కేమొచ్చింది? నిన్న మధ్యాహ్నమంతా నా కాళ్ల దగ్గరే ఉన్నావుగా, అప్పుడు నేను ఫోన్ ముట్టుకున్నానా?" అంది. నిజమే. నిన్న మూడు నుంచి నాలుగు దాకా అత్తగారి పాదాలు వేణ్నీళ్లలో నానబెట్టి, గోళ్లు తీస్తూ కూర్చుంది. మడమలు కూడా రుద్దమంటే రుద్దింది. లాప్‌టాప్ పడగ్గదిలో ఉంది. పడగ్గదిలో వాళ్లాయన పడుకుని ఉన్నాడు. ఆ రెండు మాటలూ ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డా, ఆమె వాటిని కలపలేదు. కలపకుండా ఉండడం ఆమెకి బాగా అలవాటు.

వంటగదిలోకి వచ్చి, ఇంటి నెట్ వదిలేసి ఫోన్ డేటా మీద లాప్‌టాప్ కలిపి, ఉచ్చులో పడ్డ జాబితా తెరిచింది.

మొదటిది మూడుంబావుకి. ఆయన పేరు. తర్వాత ఆయన పేరు, పుట్టిన సంవత్సరం. ఆ తర్వాత ఆయన పేరు, బండి నంబరు. ఆమెకి నవ్వొచ్చింది. ఆహా, పెళ్లాం గుట్టుగా దాచుకునే మాట మొగుడి పేరు కాకపోతే ఇంకేమవుతుంది! తర్వాత పెళ్లిరోజు, మూడు రకాలుగా. అత్తగారి పేరు. పాత ఇంటి ఫోన్ నంబరు. ఆ తర్వాత మేనేజరు పేరు. ఆ తర్వాత, వానలో ఒకసారి బస్టాపు దాకా గొడుగు పట్టిన తోటి ఉద్యోగి పేరు, నాలుగుసార్లు. అప్పుడు నవ్వు ఆగిపోయింది. వేణ్నీళ్లలో అత్తగారి పాదం పట్టుకుని తను కూర్చున్నప్పుడు, గోడ అవతల ఈయన ఆ నాలుగుసార్లూ కొడుతున్నాడన్నమాట.

సిగ్గు విడిచి ఒక పని చేసింది. తన గురించి ఒక్క మాటైనా ఉందేమోనని జాబితాలో కిందికి వెతుక్కుంటూ పోయింది. తన పేరు, తను చదివిన బడి, చిన్నప్పుడు పెంచుకున్న పిల్లి, దాని కథ ఆయనకి ఎన్నిసార్లు చెప్పిందో! ఏదీ లేదు. పద్నాలుగేళ్లు పక్కన పడుకున్న మనిషికి పెళ్లాం మనసులో ఏముండొచ్చో ఊహించమంటే, ఆయనకి తనూ, తన తల్లీ, ఇద్దరు పరాయి మగాళ్లూ తప్ప ఇంకేం తట్టలేదు.

ఆఖరిది నలభై ఒకటోది. మూడూ యాభై రెండుకి. చూసింది. కళ్లు మూసుకుని మళ్లీ చూసింది.

అది పాప పేరు.

పదకొండేళ్ల కిందట తొమ్మిది రోజులు బతికింది పాప. గాజుపెట్టెలో, వేలెడంత చేతులకి సూదులతో. అయిదోరోజున ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఆయనకి ఆ పేరు చెప్పింది. బాగుందన్నాడు. ఇంకెవరికీ చెప్పొద్దు, ఇంటికి తీసుకెళ్లాక చెబుదామన్నాడు. ఇంటికి తీసుకెళ్లడం జరగలేదు. "పేరైనా పెట్టలేదు, అదీ ఒకందుకు నయమే, తొందరగా మరిచిపోతావు" అంది అత్తగారు. ఏడాది నిండాల్సిన రోజు పొద్దున, ఆయన బూట్ల తాళ్లు కట్టుకుంటుంటే, దగ్గరికెళ్లి ఆ పేరు అంది. ఆయన తలెత్తలేదు. "ఏ పేరు? నాకేం గుర్తులేదు. లేనిపోనివి ఎందుకు తవ్వుతావు?" అన్నాడు. బాత్రూంలోకి వెళ్లి, కుళాయి తిప్పి, దాని చప్పుడులో ఏడ్చింది. మోసినదాన్ని నేను కదా, ఆయన మరిచిపోయి ఉంటాడులే అనుకుంది. అలా అనుకోబట్టే ఆయనతో ఒకే మంచం మీద పడుకోగలిగింది. ఆనాటి నుంచీ ప్రతి ఏడూ ఆ రోజున కుళాయి తిప్పుకోవడం ఒంటరిగానే.

గుర్తుంది! పదకొండేళ్లుగా గుర్తుంది. ఆమె కళ్లు వాచి బయటికొచ్చిన ప్రతిసారీ ఆయనకి ఎందుకో తెలుసు. తెలిసీ పేపరు తిరగేస్తూ కూర్చున్నాడు. మిగతావన్నీ పని చెయ్యకపోయేసరికి, పెళ్లాం గుట్టు పగలగొట్టడానికి దాన్ని బయటికి తీశాడు. అదీ పని చెయ్యలేదు. అప్పుడేం చేశాడు? గది తలుపు తీసుకుని బయటికొచ్చి, "ఒక కాఫీ ఇస్తావా?" అన్నాడు. ఆమెకి బాగా గుర్తు. తడి చేతులు చీరకి తుడుచుకుని, వెళ్లి కలిపింది. ఆయనకి ఇష్టమని చక్కెర ఒక చెంచా ఎక్కువే వేసింది.

"కాఫీ ఏదీ?"

ఆయన స్నానం చేసి తయారై, గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు. ఆమె వెళ్లి ఎదురుగా నిలబడింది.

"నిన్న నా లాప్‌టాప్ తీశారా?"

"తీస్తే? పెళ్లాం లాప్‌టాప్ తియ్యడానికి పర్మిషన్ కావాలా? తెరవగానే కనబడింది, 'నా సొంతం' అట! నాకు తెలియకుండా నీకు సొంతమేంటి? ఎవడికైనా అనుమానం వస్తుంది."

"దాని వెనక ఏమీ లేదండీ. అది దొంగల కోసం పెట్టింది. ఏం కొట్టినా తెరుచుకోదు. కొట్టినవన్నీ రాసుకుంటుంది."

ఆయన మొహం మాడిపోయింది. "అంటే నన్ను దొంగని చేస్తావా?"

"మా మేనేజరు పేరు కొట్టారు, పోనివ్వండి. గొడుగు పట్టినాయన పేరు కొట్టారు, అదీ పోనివ్వండి. ఆఖర్న ఏం కొట్టారు?"

తాడు ముడి వేస్తున్న చేతులు ఆగిపోయాయి.

"ఏదో... ఊరికే..."

"మీకు గుర్తుంది."

ఆయన తలెత్తలేదు. ఆ రోజు కూడా ఇలాగే ఎత్తలేదు.

"మరిచిపోయారనుకుని మిమ్మల్ని ఎప్పుడో క్షమించేశాను" అంది ఆమె. "ఈ ఇంట్లో దాన్ని తలుచుకునేదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను. ఇద్దరం ఉన్నామా? ఇద్దరం ఉండి, నన్నొక్కదాన్నే ఏడవనిచ్చారా? ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ పేరు నాతో అని ఉంటే నాకు చాలు కదండీ."

"నెమ్మదిగా. అమ్మ వింటుంది" అన్నాడు.

ఇంకేమైనా అంటాడేమోనని ఆమె ఆగింది. నిజంగానే ఆగింది. అన్నాళ్లు ఆశ పడ్డ మనిషికి ఇంకో నిమిషం లెక్కా! ఆయన రెండో బూటు తాడు కట్టుకుని, గడియారం చూసుకుని, "సాయంత్రం మాట్లాడుకుందాంలే" అని వెళ్లిపోయాడు.

ఆమె వంటగదిలోకి వచ్చి ఫిర్యాదు పేజీ తెరిచింది. ఇన్నేళ్లలో ఎన్ని వేలు రాసిందో, ఇదీ అలాగే రాసింది. తిట్లు లేవు, ఏడుపు లేదు. అడ్రసు గడిలో తన ఇంటి అంకెలు. ఆదివారం మధ్యాహ్నం మూడుంబావు నుంచి మూడూ యాభై రెండు దాకా. ఎన్నిసార్లు అన్నచోట నలభై ఒకటి అని దానంతటదే వచ్చి పడింది. కొట్టిన మాటల పట్టీ కిందికి జరిపి, ఆఖరి మాటని తీసేసింది. నలభై ఒకటిని నలభై చేసింది. ఎప్పుడూ ఒక్క అంకె మార్చి ఎరగదు, ఈ ఒక్కసారి మార్చింది. ఆ పేరుని దొంగ మాటల్లో కలిపి లోకానికి పంపడానికి ఆమెకి చేతులు రాలేదు. పంపించాక పెద్దావిడకి ఫోన్ చేసింది.

"ఏమే తల్లీ, వైరస్ దొరికిందా? అడ్డు తీసెయ్యనా?"

"వద్దండీ, ఉండనివ్వండి. నేను ఆఫీసుకే వచ్చేస్తున్నాను."

"ఇవాళొస్తావు సరే, మరి రేపట్నుంచీ?"

"రేపట్నుంచీ ఈ ఇంట్లోంచి రాను. మీ వీధిలో ఏదో గది అద్దెకుందన్నారు కదా, ఖాళీగానే ఉందా?"

ఈసారి పెద్దావిడ నవ్వలేదు. "ఉంది. నువ్వు రా ముందు" అంది.

లాప్‌టాప్, నాలుగు చీరలు సంచిలో పెట్టుకుంది. స్టవ్ మీది పాల మరకలు తుడవబోయి, గుడ్డ అక్కడే పడేసింది. చెప్పులు వేసుకుంటుంటే గదిలోంచి అత్తగారు, "ఎవరితోనే మాటలు? నా పాలేవీ?" అని కేకేసింది. ఆమె తలుపు దాటి, మెట్ల మీద నిలబడి, ఏ కుళాయీ తిప్పకుండా, ఇంట్లోకి వినబడేలా గొంతెత్తి పాపని పేరు పెట్టి పిలిచింది.