లూర్దమ్మ వంతు

1957 సెప్టెంబరులో నా భార్య లూర్దమ్మ పోయింది. పది రోజుల సెలవు తరువాత నందిగామ బడికి వెళ్ళాను. ఆ రోజు అయిదో తరగతికి చెప్పాల్సిన మాట 'ఇచ్చిపుచ్చుకొను'. "ఒకరికి ఇవ్వడం, వారి నుంచి తీసుకోవడం" అని నల్లబల్ల మీద రాశాను. అంతకంటే చెప్పడానికి నాకు తోచలేదు.

జగ్గయ్యపేట దారిలో మాకు ఎకరం మెట్టచేను ఉంది. పెసర విత్తింది ఆమే. కాయ నల్లబడింది. ఎండకు పగిలితే గింజ రాలిపోతుంది, వాన పడితే చెట్టునే మొలకెత్తుతుంది. నాకు కోత రాదు. కూలికి ఎవరూ దొరకలేదు. ఆమె చేతి పంట అలా పోతుందన్న ఆలోచన నన్ను నిద్రపోనివ్వలేదు.

శనివారం సాయంత్రం బడి నుంచి చేనికి వెళితే ఆరుగురు ఆడవాళ్ళు కోత ముగిస్తున్నారు. పక్క చేను పుల్లమ్మ నన్ను చూసి నడుం ఎత్తింది.

"మిమ్మల్ని ఎవరు పిలిచారమ్మా?" అన్నాను.

"లూర్దమ్మ మా అందరి చేలల్లో కోసింది మేస్టారూ. ఆమె చేను మేం కొయ్యొద్దా?"

జేబులోంచి కూలి డబ్బులు తీశాను. పుల్లమ్మ ముఖం చిన్నబోయింది.

"అవి పుచ్చుకుంటే మేం కూలోళ్ళం అయిపోతాం. లూర్దమ్మ మాకేమీ కాకుండా పోద్ది."

డబ్బులు జేబులో పెట్టుకున్నాను. "మరి నేనేం చెయ్యాలి?"

"మాలో ఈ కృపావతి చేను ఒక్కటే మిగిలుంది. గాంధీ జయంతికి మీకు సెలవేగా. రండి."

వెళ్ళాను. పుల్లమ్మకూ కృపావతికీ మధ్య ఒక సాలు వదిలి ఉంచారు. అది లూర్దమ్మ కోసే చోటట. కాసేపటికే అందరూ నన్ను దాటిపోయారు.

"మేస్టారూ, కాయ కాయకీ మార్కులేస్తున్నారా ఏంటి?" అంది కృపావతి.

"వేస్తే నీకు సున్నాయేలే, సగం కాయలు చెట్టునే వదిలావు" అంది పుల్లమ్మ.

నాకు నవ్వొచ్చింది. చాలా రోజులైంది నవ్వి.

మధ్యాహ్నానికి తలెత్తి చూస్తే, తమ సాళ్ళు ముగించిన పుల్లమ్మా కృపావతీ నా సాలు అవతలి చివర నుంచి కోసుకుంటూ నాకు ఎదురొస్తున్నారు. వంగి కోశాను.

మరునాడు బడిలో నల్లబల్ల మీద ఆ మాటా దాని అర్థమూ మళ్ళీ రాసి, కింద ఒక వాక్యం రాశాను: "లూర్దమ్మ, పుల్లమ్మ, కృపావతి కోత పనులు ఇచ్చిపుచ్చుకున్నారు."

పిల్లలు పలకల మీద ఎక్కించుకున్నారు.