రాజీ కుదరని నేరం

హన్మయ్య జొన్న కుప్పకు దేవప్ప నిప్పు పెట్టడం కళ్లారా చూసింది ఎలీసబెతు ఒక్కతే. దేవప్ప నాగల్‌గిద్ద దగ్గరి ఒక ఊరి పటేలుకు తమ్ముడు. ఎలీసబెతేమో మొగుడు పోయి, కూలి చేసుకు బతుకుతున్న మనిషి. నైజాం రాజ్యంలో పటేలు ఇంటివాళ్ల మీద సాక్ష్యమంటే మాటలు కాదు. అయినా చెబుతానని హన్మయ్యకు మాటిచ్చింది.

నారాయణఖేడ్ అదాలత్‌లో, అంటే కోర్టులో, హన్మయ్య కేసు పేషీ ఉన్న పొద్దున ఆమె గుడిసె తలుపుకు బయట గొళ్లెం పడింది. సందులోంచి చూస్తే దేవప్ప!

"ఇయ్యాల ఇంట్లనే పండు. పొద్దుగూకినంక తీస్త," అని వెళ్లిపోయాడు.

ఎదురింటి సంగమ్మ వాకిట్లో నిలబడి అంతా చూసింది. ఎలీసబెతు ఎంత పిలిచినా భయంతో కదల్లేదు. ఇక లాభం లేదని ఎలీసబెతు కొడవలి తీసి, వెనకవైపు కందికట్టెల తడక కోసుకుని బయటపడింది. చేతులు గీరుకుపోయి నెత్తురు కారుతున్నా ఆగకుండా నారాయణఖేడ్‌కు నడిచింది.

ఆమె చేరేసరికి పేషీ అయిపోయింది. సాక్షి రాలేదని జంకి హన్మయ్య దేవప్పతో రాజీ పడ్డాడు.

"నువ్వు రాలె. ఒక్కణ్ని ఏం జెయ్యాలె ఎలీసమ్మా?" అన్నాడు తల దించుకుని.

ఆమె అతన్ని దాటుకుని లోపలికి నడిచింది. నేరుగా మున్సిఫ్ ముందుకెళ్లి నిలబడింది.

"నన్ను ఇంట్ల బెట్టి గొళ్లెం ఏసిండు దొరా. కుప్ప సంగతి వాళ్లిద్దరు తెంపుకున్నరు. మరి నా తలుపు సంగతేంది?"

మున్సిఫ్ ఉర్దూలో చెప్పిన మాటను కోర్టు గుమాస్తా పేష్కారు తెలుగు చేశాడు.

"దీన్ని ముజాహమత్ అంటరు. ఇన్సాఫ్‌కు, న్యాయానికి, అడ్డం పడుడు. సాక్షిని రాకుండ జేస్తే అదాలత్ మీదనే తప్పు జేసినట్టు. దీంట్ల రాజీ లేదు. కాని గొళ్లెం ఏస్తుంటే చూసినోళ్లు గావాలె."

ఆమె ఊరికి తిరిగొచ్చి, సాక్ష్యానికి రమ్మని సంగమ్మ గడపలో కూర్చుంది.

"నా తలుపు గూడ మూస్తరే," అంది సంగమ్మ.

"మూస్తే అది గూడ ముజాహమతే. గా మాట గూడ చెప్దాం. నడువక్కా."

తర్వాతి పేషీకి ఇద్దరూ కలిసే నడిచారు. సంగమ్మ మొదట దేవప్ప వైపే చూసింది. ఎలీసబెతు పక్కనే నిలబడి భుజం తాకింది. అప్పుడు సంగమ్మ చూసిందంతా చూసినట్టే చెప్పింది. దేవప్పకు జైలు పడింది. పోతూపోతూ గుడ్లురిమి చూశాడు. ఎలీసబెతు చూపు తిప్పుకోలేదు.

ఆ ఏడు పటేలు చేన్లలో ఇద్దరికీ కూలి దొరకలేదు. పత్తి ఏరడానికి కంగ్టి ఊరికి పోయారు.