మీరంటే భయం

నాలుగున్నర అయ్యేసరికి పెద్దమ్మకి ఒళ్ళు హూనమైపోతుంది. పొద్దున ఏడున్నర నుంచి ఇంట్లో, పనులకెళ్ళే తల్లిదండ్రులు వదిలివెళ్ళిన తొమ్మిది మంది పిల్లలు, అందరూ అయిదేళ్ళ లోపువాళ్ళే. ముందు రెండు గదులూ వాళ్ళవి. వెనక గదిలో తను, తన మంచం, తన మోకాళ్ళ నొప్పులు. నిజానికి ఆవిడ ఎవరికీ పెద్దమ్మ కాదు. మొదట చేరిన పిల్ల నోట అలా వచ్చింది, వీధంతా అదే పట్టుకుంది. కూరగాయల బండాయన ఆవిడకంటే పదేళ్ళు పెద్ద, ఆయన కూడా "పెద్దమ్మా, టమాటాలు" అని కేకేస్తాడు.

పోయినేడు పిల్లల్ని చూసుకునేవాళ్ళకి పెట్టిన రెండు రోజుల శిక్షణకి వెళ్ళొచ్చిన దగ్గర్నుంచి ఆవిడ నెత్తిన ఇంకో పని పడింది. పిల్లల మధ్య తేడాలు చూపకూడదు, తేడాలు నేర్పే వస్తువేదీ ఇంట్లో ఉండకూడదు. అంతే, ఇల్లంతా తలకిందులు చేసింది. అమ్మ వంట చేస్తుంటే నాన్న పేపరు చదువుతున్న చార్టు గోడ దిగింది. తెల్లగుడ్డ బొమ్మల్లో సగాన్ని టీ డికాక్షన్లో నానబెట్టి, కొన్నిటిని ముదురుగా, కొన్నిటిని లేతగా చేసింది. ఒక బొమ్మకి తీగ కళ్ళజోడు, ఇంకోదాని కాలికి ఐస్‌క్రీం పుల్లల కట్టు. వరసలో ముందు నిలబడేవాళ్ళు రోజూ మారాలి. "నల్లగా ఉన్నావు", "ఆడపిల్లవి కదా" లాంటి మాట ఆ ఇంట్లో వినపడిందా, సొంత చెల్లెలైనా సరే కడిగి పారేస్తుంది. పారేసింది కూడా. చెల్లెలు ఇప్పుడు ఫోన్లోనే పలకరిస్తోంది.

ఇంత చేశాక మనిషికి కాస్త గర్వం ఉంటుంది. ఉండనివ్వండి పాపం, అంత చాకిరీలో ఆవిడకి మిగిలింది అదొక్కటే.

ఆ రోజు పిల్లలు మధ్యాహ్నం నిద్ర లేచి, అమ్మానాన్నలొచ్చి ఇంటికి తీసుకెళ్ళే ఆట మొదలుపెట్టారు. ఆవిడ గోడకి చేరగిలబడి పక్కగుడ్డలు మడతపెడుతోంది. పెద్దమ్మ వేషం డాక్టరమ్మ కొడుకు కట్టాడు. ప్రతిదానికీ వాదిస్తాడని వాణ్ణి అందరూ లాయరంటారు. వాడు తువ్వాలు భుజాన వేసుకుని, నడుం మీద చెయ్యి పెట్టి, అచ్చం ఆవిడలాగే మూలిగాడు. ఆవిడకి నవ్వొచ్చింది.

ఒక పిల్ల సంచీ తగిలించుకుని డాక్టరమ్మలా వచ్చింది.

"రండి రండి, డాక్టరుగారూ! ఎండలో వచ్చారు, కూర్చోండి. మంచినీళ్ళు తాగుతారా?" అంటూ లాయరు కుర్చీ జరిపాడు.

ఇంకొకడు బ్యాంకులో పనిచేసే నాన్నలా వచ్చాడు. వాడికీ కుర్చీ, వాడికీ మంచినీళ్ళు. అప్పుడు లాయరు పిచ్చుక వైపు తిరిగాడు. పిచ్చుక అందరికంటే చిన్నగా ఉండే నాలుగేళ్ళ పిల్ల. వాళ్ళమ్మ పక్కవీధి ఆఫీసుల్లో బాత్రూములు కడుగుతుంది.

"ఇప్పుడు నువ్వు మీ అమ్మవి. రా."

పిచ్చుక వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది.

"వచ్చావా? ఇవాళ కూడా ఆలస్యమేనా? అక్కడే ఉండు, సంచీ నేనే తెస్తా." ఆ గొంతూ, ఆ విసురూ, చివర్లో ఆ నిట్టూర్పూ, ఒక్కటి పొల్లుపోలేదు.

"నేను మా అమ్మని కాను," అంది పిచ్చుక. "నేనూ డాక్టరమ్మనవుతా."

"కుదరదు. డాక్టరమ్మని మీరు అనాలి, మీ అమ్మని నువ్వు అనాలి."

"ఎవరు చెప్పారు?"

"పెద్దమ్మ."

దుప్పటి ఆవిడ చేతిలోనే ఉండిపోయింది. తను ఏనాడూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమే రాలేదు, రోజుకి రెండుసార్లు చేసి చూపిస్తుంటే. డాక్టరమ్మ వారంలో మూడురోజులు ఆలస్యంగానే వస్తుంది, ఆవిణ్ణి తను ఒక్కసారైనా అడిగిందా? "అందరం ఒకటే కదర్రా" అనబోయింది గానీ మొహం చెల్లలేదు.

పిచ్చుక గోడవైపు తిరిగి కూర్చుంది. "మా అమ్మ ఆటలో వద్దు," అంది, ఎవరితోనూ కాకుండా.

ఆ మాట పెద్దమ్మ గుండెల్లో గుచ్చుకుంది. బొమ్మల్ని డికాక్షన్లో ముంచిన తెలివి నోరు తెరిచేటప్పుడు ఏమైంది? చెల్లెలికి ఫోన్ చేసి కడుపునిండా తిట్టించుకుందామా అనిపించింది, అంత సిగ్గేసింది. ఏదైనా చెయ్యాలి, అదీ ఇవాళే చెయ్యాలి. ఆ పిల్లకి ఇంట్లో కూడా వాళ్ళమ్మ వద్దనిపించకముందే.

సాయంత్రం ఒక్కొక్కరే వచ్చి పిల్లల్ని తీసుకెళ్ళారు. పిచ్చుకా, లాయరూ మిగిలారు. పిచ్చుక తల్లి పరుగులాంటి నడకతో వచ్చి, ఎప్పటిలాగే గుమ్మం అవతల ఆగింది. చేతుల్లోంచి ఫినాయిలు వాసన.

"రండి," అంది పెద్దమ్మ. "లోపలికొచ్చి కూర్చోండి."

ఆ మనిషి ముఖం పాలిపోయింది. "ఏమైందమ్మగారూ? పిల్ల ఎవర్నైనా కొట్టిందా?"

"అయ్యో, లేదండీ."

అండీ అనేసరికి ఇంకా హడలిపోయింది. "ఆలస్యంగా వస్తున్నానని కోపమా అమ్మగారూ? రేపట్నుంచి ముందే అడిగి వచ్చేస్తాను. పిల్లని మాత్రం మానిపించకండి. ఇంకెక్కడా చేర్చుకోలేదు దాన్ని."

"ఎవరు మానిపిస్తున్నారు? నేను మర్యాదగా..."

"నన్ను మీరు అనకండమ్మగారూ, భయమేస్తుంది. మా సూపర్‌వైజరు ఎవర్నైనా పనిలోంచి తీసేసే రోజే మీరు అంటాడు."

పెద్దమ్మకి తల ప్రాణం తోకకొచ్చింది. మీరు అంటే తల్లి వణుకుతోంది, నువ్వు అంటే పిల్ల చూస్తోంది. పిచ్చుక ఒక చెప్పు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. ఇంక నిలబడే ఓపిక లేక ఆవిడ అక్కడే గుమ్మంలో కూలబడింది.

"సరే, నిన్ను నువ్వే అంటా. నువ్వు కూడా నన్ను నువ్వు అను. అక్కా అని పిలు."

"అమ్మో!"

"అమ్మో లేదు, అమ్మగారూ లేదు. నీ పిల్లని పగలు నేనూ, రాత్రి నువ్వూ పెంచుతున్నాం. ఇంత చుట్టరికం పెట్టుకుని ఒకళ్ళు నువ్వేంటి, ఒకళ్ళు మీరేంటి?"

కాళ్ళు చాపుకుని, జుట్టు రేగిపోయి, భుజాన తువ్వాలు జారిపోతున్న ఆ పెద్దమనిషిని పిచ్చుక తల్లి తేరిపార చూసింది. రోజూ చూసే మనిషే, కానీ ఎప్పుడూ తలొంచుకునే చూసింది.

"అక్కా," అంది చివరికి. "నువ్వు పొద్దున్నించీ కూర్చున్నట్టు లేవు."

డాక్టరమ్మ ఏనాడూ ఆ మాట అనలేదు. బ్యాంకాయనా అనలేదు. ఆ మాటకొస్తే చెల్లెలూ అనలేదు.

"లేదే తల్లీ," అంది పెద్దమ్మ. అనేసరికి ఏడుపొచ్చేసింది.

పిచ్చుక తల్లి చెప్పులు విడిచి ఆవిడ పక్కనే గుమ్మంలో కూర్చుంది. పిచ్చుక చేతిలో చెప్పు వదిలేసి, పరిగెత్తుకెళ్ళి లాయరుని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. వాడు రోజూ చూసే మనిషినే వాడికి వేలు పెట్టి చూపించింది.

"మా అమ్మ," అంది.