కొత్త ఇంజన్‌కి దారి తెలీదు

రొట్టెల వ్యాను రోజూ తెల్లవారకముందే బేకరీ వెనక గుమ్మం దగ్గర ఆగేది. కూతురు ట్రేలు ఎక్కించేది. తండ్రి స్టీరింగ్ ముందు కూర్చుని రేడియో తిప్పుతుండేవాడు. ఆఖరి ట్రే ఎక్కగానే వ్యాను కదిలిపోయేది. ఆయన చేతులు ఊరికే స్టీరింగ్ మీద ఉండేవి. పాత ఇంజన్లన్నీ అంతే, తిరిగిన దారి వాటికి ఒంటబడుతుంది. మలుపు వస్తే అవే తిరుగుతాయి, మనిషి అడ్డమొస్తే అవే ఆగుతాయి.

కుదురు లేనిదల్లా కూతురికే. వ్యాను వెళ్లాక ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగేది. లైసెన్సు తెచ్చుకుని చాన్నాళ్లయింది. తాళం అడిగితే, "నేను పోయాక నడుపుదువుగానిలే" అనేవాడు తండ్రి. పక్కన కూడా ఎక్కించుకునేవాడు కాదు.

ఒకరోజు వ్యాను వంతెన మీద ఆవిరి కక్కి ఆగిపోయింది.

మెకానిక్ బాబాయ్ ఇంజన్ విప్పి పెదవి విరిచాడు. "బ్లాకు పగిలింది అన్నయ్యా. వెల్డింగ్ చెయ్యొచ్చు, దారి మర్చిపోదు. కానీ మళ్లీ వేడెక్కితే అతుకు ఎక్కడ ఊడుతుందో చెప్పలేను. కొత్తది వేస్తే ఆ బెంగుండదు. కాకపోతే దానికి ఎడమా కుడీ తెలీదు, అన్నీ మనమే చూసుకోవాలి."

"వెల్డింగే చెయ్యి," అన్నాడు తండ్రి వెంటనే.

"నీళ్లయిపోయాక చాలాసేపు నడిచింది. వేడి చూపించే సూది ఎర్రగీత మీదే ఉండుంటుంది. చూసుకోలేదా?"

"కళ్లలో ఎండ పడింది."

"ఇంకా తెల్లారకుండానే ఆగిపోయింది కదా నాన్నా," అంది కూతురు.

మెకానిక్ గుడ్డ కోసం వెతుక్కున్నాడు, అది ఆయన భుజం మీదే ఉంది. ఇంట్లో తండ్రి గోడ పట్టుకుని నడవడం, ఉప్పో పంచదారో నాలిక మీద వేసుకుని చూడటం, అన్నీ ఒక్కసారిగా ఆమెకి అర్థమయ్యాయి. ఇన్నాళ్లూ ఆయన కళ్లు ఆ ఇంజనే. ఆమెకి భయమేసింది. ఇక తాళం తనదేనని సంతోషం కూడా వేసింది. ఆ సంతోషానికి తన మీద తనకే ఒళ్లు మండింది.

"మార్చెయ్యి బాబాయ్," అంది.

"నిన్నెవరడిగారు?" అన్నాడు తండ్రి.

"ఎవరూ అడగరనే చెప్తున్నా."

తండ్రి విసురుగా లేచి, దారిలో ఉన్న టైరు తగిలి తూలాడు. ఇద్దరూ పట్టుకోబోయారు. తనే నిలదొక్కుకుని, "మీ ఇష్టం," అన్నాడు.

కొత్త ఇంజన్ బిగించిన రోజు కూతురు స్టీరింగ్ ముందు కూర్చుంది. "దారి నేను చెప్తాలే," అంటూ తండ్రి పక్కన ఎక్కాడు. వంతెన దాటాక నాలుగు రోడ్ల కూడలి వచ్చింది.

"ఎటు నాన్నా?"

తండ్రి అద్దం దించి చెవి బయటికి పెట్టాడు. వెనక హారన్లు మోగుతున్నాయి.

"అదే వెళ్లేది," అన్నాడు చివరికి. "నేనెప్పుడు చూశాను?"

ఆమె తోచినట్టు ఎడమకి తిప్పింది. అది నది పక్క రోడ్డు. వాళ్లనీ వీళ్లనీ అడుగుతూ ఆఖరి దుకాణం చేరేసరికి మధ్యాహ్నమైంది, తిట్లూ తినాల్సి వచ్చింది. అయినా మర్నాడు మళ్లీ నది పక్కకే వెళ్లింది. నీళ్ల దగ్గర కాసేపు ఆపింది. తర్వాత రోజూ ఆపేది. "మళ్లీ ఎందుకాపావు?" అని తండ్రి సణిగేవాడు. పోనుపోను మలుపులు ఇంజనే తిరగసాగింది.

ఒక పొద్దున ఆఖరి ట్రే పెట్టి చూస్తే తండ్రి స్టీరింగ్ ముందున్నాడు. ఆమె కేక వేసేలోపే వ్యాను వెళ్లిపోయింది.

ఇంజన్ దారి నేర్చింది, ఇక తనతో పనేముంది? ఆ దుఃఖం కంటే ఆయనకేమవుతుందోనన్న భయం పెద్దదై, చెప్పులు వదిలేసి పరుగెత్తింది. నది పక్కన వ్యాను ఆగి ఉంది, ఇంజన్ మోగుతూనే ఉంది.

"ఎంత తొక్కినా కదలదే!" అన్నాడు తండ్రి. "నేర్పిందానివి నువ్వేగా."

తిడదామనుకున్నదల్లా తలుపు తీసింది. "జరుగు నాన్నా," అంది.

తండ్రి జరిగాడు. ఆమె ఎక్కి కూర్చుంది. ఆయనే అన్నాడు, "రోజూ ఇక్కడ ఆపి ఏం చూస్తావో చెప్పు. నాకు కనపడదు."

ఆ మాట ఆయన అనడం అదే మొదలు. ఆమె ఇంజన్ ఆపింది.

"దూరంగా ఉన్నవి చెప్పనా, దగ్గరివా?"

"దగ్గరివి," అన్నాడు తండ్రి. "దూరానివి పోయి చాలా కాలమైంది, అలవాటైపోయింది. దగ్గరివి ఈమధ్యే పోయాయి."